యూనియన్ ప్రతినిధులకు శిక్షణా తరగతి: మూడు రోజులు ఎలా నడపాలి, ముందూ వెనకా ఏం చేయాలి

ఇక్కడ ప్రతినిధి అంటే తన ఉద్యోగం తాను చేసుకుంటూనే తోటివాళ్ల తరఫున మేనేజ్‌మెంట్‌తో మాట్లాడే మనిషి. యూనియన్ నుంచి జీతం ఉండదు. నిన్నటిదాకా పక్క మెషీన్ దగ్గరో పక్క టేబుల్ దగ్గరో ఉన్నవాణ్ణి ఒక్కసారిగా "నువ్వు మాట్లాడు" అని ముందుకు తోస్తాం. అలాంటివాళ్లకి తరగతి పెట్టాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని చాలామంది అడుగుతున్నారు. అందుకే పూర్తి వరస రాస్తున్నాను.

నేను నడిపిన మొదటి తరగతి రెండు రోజులు సాగింది. ఒక లాయర్ గారు ఐదు గంటలపాటు చట్టం చెప్పారు. వెళ్లేటప్పుడు అందరూ చాలా బాగుందన్నారు. మూడు వారాల తర్వాత వాళ్లలో ఒకతను ఫోన్ చేశాడు, గొంతు బాగా తగ్గించి. "అన్నా, మీటింగ్ రూమ్ బయట వరండాలో ఉన్నాను. మనవాణ్ణి లోపల కూర్చోబెట్టి ఏదో కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. నేనేం చేయాలి?"

ఆ ఐదు గంటల్లో ఈ ప్రశ్నకి జవాబు లేదు. అప్పట్నుంచి తరగతిలో ఏదైనా పెట్టే ముందు నేను చూసుకునేది ఒకటే: వరండాలో నిలబడ్డ మనిషికి ఇది పనికొస్తుందా, లేదా? కింద రాసిందంతా ఆ లెక్కలోంచి వచ్చిందే.

## 1. ముందు ఒక కాగితం మీద రాసుకోండి: తరగతి అయ్యాక వాళ్లు ఏం చేయగలగాలి?

"అవగాహన కల్పించడం", "చైతన్యం పెంచడం" అని రాయకండి. కల్పించారో లేదో ఎవరూ చూడలేరు. కంటికి కనిపించే పనులు రాయండి.

కొత్త ప్రతినిధికి నేను పెట్టుకునే జాబితా ఇది:

- మెంబరు సమస్య విని, అరగంటలో ఒక పేజీ నోట్సు రాయగలగాలి.
- ఆ సమస్యకి సంబంధించిన నిబంధనని అగ్రిమెంటులోనో (యూనియన్‌కీ మేనేజ్‌మెంట్‌కీ మధ్య కుదిరిన రాతకోతలు) సర్వీసు రూల్సులోనో వెతికి పట్టుకోగలగాలి.
- విచారణ మీటింగులో మెంబరు పక్కన కూర్చుని, అవసరమైనప్పుడు మీటింగు ఆపించగలగాలి.
- ఒక్కరి సమస్య ఏది, పదిమంది సమస్య ఏది అని విడదీయగలగాలి.
- పని చేసే చోట ప్రమాదాల్ని గుర్తించి, కాగితం మీద పెట్టగలగాలి.
- తనవల్ల కాని కేసుని ఎవరికి అప్పగించాలో తెలిసి ఉండాలి.

మొదటి తరగతికి ఈ ఆరూ చాలు. బేరసారాలు, బడ్జెట్ లెక్కలు, సమ్మె నోటీసు లాంటివి రెండో తరగతికి వదిలేయండి. అన్నీ ఒకేసారి కుక్కాలని చూస్తే ఏదీ మిగలదు.

## 2. ఆరు వారాల ముందు: సెలవు సంగతి తేల్చండి

తరగతులు ఆగిపోయేది హాలు దొరక్కో టీచరు దొరక్కో కాదు. వచ్చేవాళ్లకి సెలవు దొరక్క. అందుకే మొదటి ఉత్తరం దీని గురించే వెళ్లాలి.

ముందుగా మీ అగ్రిమెంటు, ఆ తర్వాత మీ దేశపు చట్టం చూడండి. వాటికి వెనక అంతర్జాతీయ కార్మిక సంస్థ, అంటే ఐఎల్‌ఓ ప్రమాణాలున్నాయి. ఉత్తరం రాసేటప్పుడు ఈ మూడూ చేతిలో ఉండాలి:

- 135వ ఒప్పందం, 1971. కార్మిక ప్రతినిధులకి వాళ్ల పని చేసుకునేందుకు తగిన సౌకర్యాలుండాలనీ, ప్రతినిధిగా ఉన్నందుకు ఉద్యోగం తీసేయడం లాంటి కక్ష చర్యల నుంచి రక్షణ ఉండాలనీ చెబుతుంది.
- 143వ సిఫార్సు, అదే ఏడాదిది. యూనియన్ మీటింగులకీ శిక్షణా తరగతులకీ వెళ్లడానికి ప్రతినిధులకి పని నుంచి వెసులుబాటు ఇవ్వాలనీ, జీతం కోత ఉండకూడదనీ చెబుతుంది. ఆ ఖర్చు ఎవరు భరించాలన్నది మాత్రం ఆయా దేశాల చట్టాలకీ అక్కడి అగ్రిమెంట్లకీ వదిలేసింది.
- 140వ ఒప్పందం, 1974. జీతంతో కూడిన విద్యా సెలవు గురించి. ఆ సెలవు ఏ అవసరాలకో చెప్పిన చోట యూనియన్ శిక్షణ పేరు విడిగా ఉంది.

ఒక జాగ్రత్త. సిఫార్సు అంటే దారి చూపేది, కట్టడి చేసేది కాదు. ఒప్పందం కూడా మీ దేశం ఆమోదించి ఉంటేనే కట్టడి చేస్తుంది. "ఐఎల్‌ఓ చెప్పింది కాబట్టి ఇచ్చి తీరాలి" అని గద్దించి ఉత్తరం రాస్తే, అవతలివాళ్లు ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని మొత్తం కొట్టేస్తారు. అగ్రిమెంటు మాట ముందు, చట్టం తర్వాత, ఐఎల్‌ఓ మద్దతుగా. ఈ వరస తప్పొద్దు.

135వ ఒప్పందంలోనే, సౌకర్యాలిచ్చినందువల్ల సంస్థ పని కుంటుపడకూడదనే మాట కూడా ఉంది. మేనేజ్‌మెంట్ అడ్డు చెప్పేదీ అక్కడే. ఆ అభ్యంతరానికి జవాబు మీ ఉత్తరంలోనే ఉండాలి.

ఉత్తరంలో ఉండాల్సినవి:

- వచ్చేవాళ్ల పేర్లు, విభాగాలు, షిఫ్టులు
- తేదీలు, మొదలయ్యే టైము, ముగిసే టైము
- తరగతిలో ఏం నేర్పుతారో ఒక పేజీ
- ఆ మూడు రోజులూ వాళ్ల పని ఎవరు చూస్తారో ఒక సూచన
- ఫలానా తేదీలోగా లిఖితంగా జవాబివ్వండి అన్న మాట

రాత్రి షిఫ్టువాళ్ల విషయంలో చాలామంది పొరపాటు పడతారు. పొద్దున్న ఆరింటికి డ్యూటీ దిగిన మనిషిని తొమ్మిదింటికి క్లాసులో కూర్చోబెడితే పదకొండింటికి తల వాలుతుంది. ముందు రాత్రి డ్యూటీ కూడా తప్పించమని ఉత్తరంలోనే అడగండి.

సెలవు నోటిమాటగా ఒప్పుకుంటే, "మీరు ఒప్పుకున్నట్టు" అని అదే రోజు ఒక చిన్న మెయిల్ పంపండి. తర్వాత జీతం కోశారంటే ఆ మెయిలే ఆధారం.

## 3. ఎవర్ని పిలవాలి, ఎంతమందిని?

పన్నెండు నుంచి పదహారు మంది. పదికి తగ్గితే గ్రూపు పనులు పలచబడతాయి. ఇరవై దాటితే తరగతి సభ అయిపోతుంది, నలుగురు మాట్లాడతారు, మిగతావాళ్లు చప్పట్లు కొడతారు.

ఒకే చోటి నుంచి వీలైతే ఇద్దరిద్దర్ని పిలవండి. తిరిగెళ్లాక ఒంటరిగా ఉన్న ప్రతినిధి నెలలోపే నీరుగారిపోతాడు. పక్కన ఇంకొకరుంటే ఇద్దరూ నిలబడతారు.

పెద్ద నాయకుల సంగతి కాస్త ఇబ్బందిగా ఉంటుంది కానీ చెప్పక తప్పదు. ప్రధాన కార్యదర్శి వెనక కుర్చీలో కూర్చుంటే కొత్తవాళ్లు నోరు విప్పరు. తప్పు చెబితే ఆయన ఏమనుకుంటారోనని టెన్షన్. ప్రారంభానికి పది నిమిషాలు, చివరి రోజు గంటసేపు ప్రశ్నలు జవాబులకి, అంతే. మధ్యలో ఆయన్ని మర్యాదగా సాగనంపండి.

ఆడవాళ్లు తక్కువగా వస్తున్నారంటే వాళ్లకి ఆసక్తి లేదని తేల్చేయకండి. టైము, దూరం, పిల్లల్ని చూసుకునేవాళ్లు, ఈ మూడూ అడగండి. సాయంత్రం ఎనిమిది దాకా సాగే తరగతిని నాలుగున్నరకి ముగిస్తే హాజరు మారిపోవడం నేను చూశాను.

## 4. రెండు వారాల ముందు: ఒక్కొక్కరికీ ఫోన్

పదిహేను నిమిషాలు చాలు. నాలుగే ప్రశ్నలు:

- మీ దగ్గర ఎంతమంది పనిచేస్తారు, ఎన్ని షిఫ్టులు?
- ఈ మధ్య మీ దగ్గరికి వచ్చిన ఒక సమస్య చెప్పండి. మీరేం చేశారు?
- ఎక్కడ ఇరుక్కుపోయినట్టు అనిపించింది?
- చదవడంలో, రాయడంలో, చూడ్డంలో, వినడంలో మేం సర్దుబాటు చేయాల్సింది ఏమైనా ఉందా?

చివరి ప్రశ్న వదలకండి. పెద్దగా చదువుకోని మనిషి చాలా మంచి ప్రతినిధి కావచ్చు. కానీ అందరి ముందు నిలబెట్టి గట్టిగా చదవమంటే ఆ మధ్యాహ్నమే మాయమైపోతాడు. ముందే తెలిస్తే చదివే పని గ్రూపులో వేరొకరికి ఇస్తాం.

మూడో ప్రశ్నకి వచ్చిన జవాబులే మీ పాఠ్యాంశం. పద్నాలుగు మందిలో తొమ్మిదిమంది "మీటింగులో మాట రాలేదు" అంటే, మీటింగుకి పూర్తి రోజు ఇవ్వండి.

తరగతికి తెచ్చుకోమనాల్సినవి:

- అగ్రిమెంటు లేదా సర్వీసు రూల్సు కాపీ
- తమ పే స్లిప్పు ఒకటి
- నోటీసు బోర్డు ఫోటో
- పేర్లు చెరిపేసిన పాత మెమోనో ఛార్జిషీటో ఒకటి
- గట్టి అట్ట ఉన్న నోట్‌బుక్

నోటీసు బోర్డు ఫోటో ఎందుకంటారా? రెండేళ్ల క్రితం నోటీసు ఇంకా వేలాడుతుంటే ఆ చోట యూనియన్ పరిస్థితి మీకు చెప్పకుండానే తెలిసిపోతుంది.

## 5. మూడు రోజులకీ ఒకే కేసు

ప్రతి అంశానికీ కొత్త ఉదాహరణ ఇవ్వడం చాలామంది చేసే పని. దానివల్ల అంశాలు దేనికది విడిపోతాయి. నేను ఒకే కేసుని మూడు రోజులూ లాగుతాను. మొదటి రోజు మెంబరు వచ్చి చెబుతాడు, రెండో రోజు మీటింగు జరుగుతుంది, మూడో రోజు అదే కేసు పదిమంది సమస్యగా తేలుతుంది.

నేను తరచూ వాడే కేసు ఇది. రాత్రి షిఫ్టుకి ఒకతను ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. నెలలో ఇది మూడోసారి. మెమో ఇచ్చారు. మూడు రోజుల్లో జవాబివ్వాలి. చూడ్డానికి చిన్న కేసు. తవ్వితే అడుగున చాలా ఉంటుంది.

రోజుల పంపకం స్థూలంగా:

- మొదటి రోజు: ప్రతినిధి పని ఏమిటి (ఒక గంట), వినడం, నోట్సు, రూల్సు వెతకడం
- రెండో రోజు: కేసు తయారీ, మీటింగు అభ్యాసం
- మూడో రోజు: పదిమంది సమస్య, భద్రత, హద్దులు, ముప్పై రోజుల ప్లాను

చట్టం పాఠం విడిగా లేదని గమనించారా? కేసులో ఎక్కడ అవసరమైతే అక్కడ, పది నిమిషాలు. లాయర్ గారిని పిలిస్తే ఉపన్యాసానికి కాదు, రెండో రోజు గ్రూపుల మధ్య తిరుగుతూ సందేహాలు తీర్చడానికి పిలవండి.

## 6. మొదటి రోజు: వినడం, రాయడం

జంటలుగా కూర్చోబెట్టండి. ఒకరు మెంబరు, ఒకరు ప్రతినిధి. మెంబరు వేషం వేసే వ్యక్తికి కేసు వివరాలున్న చీటీ ఇవ్వండి. అందులో ఒక షరతు: అడిగితేనే చెప్పాలి, తనంతట తాను చెప్పకూడదు. ఇరవై నిమిషాలు.

మెంబరు ఎప్పుడూ ఒకేలా మొదలుపెడతాడు. "ఏం చెప్పమంటావన్నా, ఆ సూపర్‌వైజర్ నన్నే టార్గెట్ చేస్తున్నాడు." ఇక్కడే సగంమంది జారిపోతారు. వెంటనే "అవునవును, వాడంతే" అని అందుకుని, తమ కోపం కూడా కలిపి పదిహేను నిమిషాలు సూపర్‌వైజర్‌ని తిడతారు. టైమైపోయాక నోట్సు చూస్తే ఒకటే ముక్క ఉంటుంది: "టార్గెట్ చేస్తున్నారు. అన్యాయం."

ఆ నోట్సు బోర్డు మీద రాయండి. పక్కనే ఇది రాయండి:

"12వ తేదీ, రాత్రి షిఫ్టు. 10:20కి గేటు దాటాడు. సూపర్‌వైజర్ 'నీకిది అలవాటైపోయింది' అన్నాడు. పక్కన ఇద్దరున్నారు. 14న మెమో చేతికొచ్చింది. 17 సాయంత్రంలోగా జవాబివ్వాలి. షిఫ్టు టైము మారినట్టు ముందుగా చెప్పలేదంటున్నాడు. ఇంకెవరికైనా ఇలా జరిగిందా: తెలియదు, కనుక్కోవాలి. కోరేది: మెమో ఫైల్లో ఉండకూడదు."

రెండూ పక్కపక్కన పెట్టి "ఈ రెండిట్లో ఏది పట్టుకుని మీటింగుకి వెళ్తారు?" అని అడగండి. అంతకు మించి మీరేం వివరించక్కర్లేదు.

నోట్సులో ఉండాల్సినవి:

- ఎప్పుడు, ఎక్కడ, ఎవరెవరున్నారు
- ఎవరు ఏమన్నారు, వీలైనంతవరకు వాళ్ల మాటల్లోనే
- చేతిలో ఉన్న కాగితాలు, రావాల్సిన కాగితాలు
- గడువు తేదీ, గీత గీసి
- మెంబరు ఏం కోరుకుంటున్నాడు
- తర్వాత ఎవరు, ఏం, ఎప్పటిలోగా చేయాలి

గడువు గురించి రెండోసారి చెప్పినా తప్పు లేదు. బలమైన కేసు కూడా గడువు దాటితే పోతుంది. ఆఖరి రోజు సెలవు రోజైతే ఏమవుతుంది, మెమో తీసుకోకపోతే ఏమవుతుంది అన్నవి మీ రూల్సులో వెతికించండి.

ఆ వెతికే అభ్యాసానికి ముప్పావు గంట పెట్టండి. ఆరు ప్రశ్నల చీటీ, చేతిలో అగ్రిమెంటు, ఇద్దరేసి కలిసి. జవాబుతో పాటు పేజీ, క్లాజు నంబరు రాయాలి. నంబరు లేని జవాబుకి మార్కుల్లేవు. రూల్సు బట్టీ పట్టించకండి, ఎక్కడుందో వెతుక్కోవడం వస్తే చాలు.

## 7. రెండో రోజు: మీటింగు

మూడు రోజుల్లో అన్నిటికన్నా ఎక్కువ టైము దీనికే.

పొద్దున్న గంటన్నర కేసు తయారీ. గ్రూపులకి మూడు ప్రశ్నలు: జరిగిందేంటి, రూలేంటి, మనం అడిగేదేంటి? ఒక్కోదానికి రెండు వాక్యాలు మించకూడదు. ఆలస్యం నిజమే అయితే లేదని వాదించకూడదని ఇక్కడే చెప్పండి. ఒప్పుకోవాల్సింది ఒప్పుకుని, కారణం చూపించి, శిక్ష తగ్గించమని అడగడం కూడా ప్రతినిధి పనే. కొత్తవాళ్లకి ఇది మింగుడుపడదు. వాళ్ల దృష్టిలో ప్రతినిధి అంటే గట్టిగా కొట్లాడేవాడు. కాసేపు వాదించుకోనివ్వండి.

తర్వాత మీటింగు అభ్యాసం. నలుగురేసి: మేనేజరు, మెంబరు, ప్రతినిధి, ఒక పరిశీలకుడు. పదిహేను నిమిషాల మీటింగు, పది నిమిషాల చర్చ, తర్వాత వేషాలు మార్చుకోవాలి. ప్రతి ఒక్కరూ ఒక్కసారైనా ప్రతినిధి కుర్చీలో కూర్చోవాలి. దీనికి మధ్యాహ్నం మొత్తం పట్టినా కంగారుపడకండి.

మేనేజరు చీటీలో నేను తప్పకుండా పెట్టే వాక్యం ఒకటుంది. మీటింగు ఏడెనిమిది నిమిషాలు నడిచాక, మేనేజరు స్వరం మెత్తబరిచి, ఒక కాగితాన్ని మెంబరు ముందుకి జరిపి అంటాడు: "చూడు, దీన్ని పెద్దది చేయడం నాకూ ఇష్టం లేదు. ఇక్కడ సంతకం పెట్టెయ్, ఇవాళ్టితో అయిపోతుంది."

అప్పుడు గదంతా గమనించండి. మెంబరు ప్రతినిధి వైపు చూస్తాడు. ప్రతినిధి కాగితం వైపు చూస్తాడు. కొందరు చదవకుండానే తలూపుతారు. కొందరు అరుస్తారు. రావాల్సిన వాక్యం చాలా తక్కువమంది నోట వస్తుంది: "ఒక్క పది నిమిషాలు మేమిద్దరం బయట మాట్లాడుకుని వస్తాం."

ఇదే వరండా ప్రశ్నకి జవాబు. అందుకే ఆట అక్కడ ఆపి, గదిలో ప్రతి ఒక్కరి చేతా ఆ వాక్యం పైకి అనిపిస్తాను, ఒకరి తర్వాత ఒకరు, తమ మాటల్లో. మొదట నవ్వుతారు, సిగ్గుపడతారు. మూడో నాలుగో మనిషికి వచ్చేసరికి గొంతులు స్థిరపడతాయి. ఒక్కసారి నోటితో అన్న మాట అవసరమైనప్పుడు వస్తుంది. విన్న మాట రాదు.

మేనేజరు విరామం కుదరదంటే ఏం చేయాలో కూడా అనిపించండి: "అడిగాం, మీరు కాదన్నారు అని మినిట్సులో రాయండి. కాగితం కాపీ ఇవ్వండి, చదువుకుని రేపు చెబుతాం."

పరిశీలకుడు రాసుకోవాల్సినవి:

- ప్రతినిధి ఎంతసేపు మాట్లాడాడు, ఎంతసేపు విన్నాడు?
- విరామం అడిగాడా, ఎప్పుడు?
- నోట్సు ఎవరు రాశారు?
- మెంబరుకి అర్థంకాని మాట ఏదైనా దొర్లిందా?
- చివర్లో ఏం తేలిందో పైకి చదివి ఖాయం చేశారా?

చర్చలో ముందు ప్రతినిధి వేషం వేసినవాళ్లనే మాట్లాడమనండి, తర్వాత మెంబరుని, చివర్లో పరిశీలకుణ్ణి. మీరు నోరు మూసుకోండి. నాకిప్పటికీ ఇది కష్టమే.

ఒక హెచ్చరిక. మేనేజరు వేషం మరీ ఉత్సాహంగా వేసి ఎదుటివాళ్లని ఏడిపించేవాళ్లుంటారు. చీటీలోనే రాయండి: పట్టుదలగా ఉండాలి, అవమానించకూడదు.

## 8. మూడో రోజు: ఒక్కడి కేసు, పదిమంది సమస్య

మొదటి రోజు నోట్సు మళ్లీ తీయించండి. "షిఫ్టు టైము మారినట్టు ముందుగా చెప్పలేదు." ఆ వాక్యం కింద గీత గీయించి అడగండి: ఇలా ఎంతమందికి జరిగి ఉంటుంది?

ఇప్పుడు ప్రశ్నలు మారతాయి. షిఫ్టు మార్పు ఎన్ని గంటల ముందు చెప్పాలని అగ్రిమెంటులో ఉంది? గత రెండు నెలల్లో ఎన్నిసార్లు చెప్పలేదు? ఆ లెక్క ఎవరి దగ్గరుంది? ఎవరెవరితో మాట్లాడాలి? గ్రూపు ఒక చిన్న సర్వే చీటీ తయారుచేయాలి. ఐదు ప్రశ్నలకి మించకుండా, నిలబడి రెండు నిమిషాల్లో నింపేలా.

ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పండి: మెంబరు ఒప్పుకోకుండా అతని కేసుని అందరి ముందూ పెట్టకూడదు.

### భద్రత: పటం గీయించండి

భద్రత గురించి స్లైడ్లు వద్దు. చార్టు పేపరు మీద తాము పనిచేసే చోటు పటం గీయమనండి. ఎరుపు చుక్క యంత్రాలు, జారి పడటం లాంటివాటికి. నీలం రసాయనాలకి, దుమ్ముకి. పచ్చ పని ఒత్తిడికి. తర్వాత ఒక మనిషి బొమ్మ ముందూ వెనకా గీసి, ఎక్కడ నొప్పి ఉందో అక్కడ చుక్క పెట్టమనండి. నడుం దగ్గర అందరి చుక్కలూ కుప్పపడితే, అది ఒకరి వయసు వల్ల వచ్చిన నొప్పి కాదని వాళ్లకే తెలుస్తుంది.

పరిష్కారాలకి ఒక వరస నేర్పండి: ప్రమాదాన్ని పూర్తిగా తీసేయడం, తక్కువ హాని ఉన్నదానితో మార్చడం, అడ్డుగోడ లేదా గాలి తోడే యంత్రం లాంటి ఏర్పాటు, పని పద్ధతి మార్పు, ఆఖరికి గ్లౌజులు, మాస్కులు. మేనేజ్‌మెంట్ ఎప్పుడూ ఆఖరిదాంతోనే మొదలుపెడుతుంది, అదే చవక కాబట్టి. ప్రతినిధి పైనుంచి అడగాలి.

1981 నాటి ఐఎల్‌ఓ 155వ ఒప్పందం కార్మికులకీ వాళ్ల ప్రతినిధులకీ భద్రతలో శిక్షణ ఉండాలంటుంది. 2022లో దాన్ని మౌలిక ఒప్పందాల జాబితాలో చేర్చారు. సెలవు ఉత్తరంలో ఇది కూడా పనికొస్తుంది.

### హద్దులు

అరగంట చాలు, కానీ ఎగ్గొట్టకండి.

- "నేను గెలిపిస్తాను" అనకూడదు. "నేను నీ పక్కన ఉంటాను, ఫలానా పని ఫలానా తేదీకి చేస్తాను" అనాలి.
- లైంగిక వేధింపు, ఉద్యోగం పోయే కేసు, పోలీసు దాకా వెళ్లిన కేసు: ఒంటరిగా పట్టుకోవద్దు, అదే రోజు యూనియన్ ఆఫీసుకి చెప్పాలి. వేధింపు కేసులో ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేయడానికి అస్సలు ప్రయత్నించకూడదు.
- ఇద్దరు మెంబర్ల మధ్య గొడవైతే ఇద్దరికీ ఒకే ప్రతినిధి ఉండకూడదు.
- నోట్‌బుక్ తాళం వేసిన చోట ఉండాలి. మెమో ఫోటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు.
- రాత్రి పదకొండింటికి వచ్చే ప్రతి ఫోనూ ఎత్తక్కర్లేదు. ఏది అత్యవసరం, ఏది రేపటికి ఆగుతుంది అన్నది ముందే చెప్పుకోవాలి.

చివరిది చిన్న విషయం అనిపిస్తుంది. కానీ మంచి ప్రతినిధులు ఏడాదిలోపు తప్పుకునేది ఎక్కువగా దీనివల్లే.

### ముప్పై రోజుల ప్లాను

తరగతి ముగిసే ముందు ఒక్కొక్కరూ మూడే పనులు రాయాలి, తేదీతో సహా. "యూనియన్‌ని బలోపేతం చేస్తాను" అని రాస్తే వెనక్కి ఇచ్చేయండి. "సోమవారం నోటీసు బోర్డు శుభ్రం చేసి నా పేరు, నంబరు పెడతాను" అని రాస్తే తీసుకోండి. ఒక కాపీ వాళ్ల దగ్గర, ఒకటి మీ దగ్గర.

## 9. తరగతిలో తప్పే పనులు, సర్దుకునే దారులు

ఒక్కరే మాట్లాడుతుంటే: తిట్టకండి. అతనికి పరిశీలకుడి పని ఇవ్వండి. రాయాలి కాబట్టి మాట తగ్గుతుంది.

ఒకరు అసలు మాట్లాడకపోతే: అందరి ముందు పేరు పెట్టి పిలవకండి. ముందు జంటలో, తర్వాత నలుగురిలో, ఆ తర్వాతే అందరిలో.

తరగతి కాస్తా ఫిర్యాదుల సభగా మారితే: గోడకి ఒక చార్టు అంటించండి, పైన "తర్వాత చూద్దాం" అని రాసి. ప్రతి ఫిర్యాదూ దానిమీదకి ఎక్కించి పాఠంలోకి రండి. కానీ మూడో రోజు ఆ చార్టు నిజంగా తీసి చూడాలి. చూడకపోతే మీ మాటకి విలువ ఉండదు.

యూనియన్‌లోని పాత గ్రూపు తగాదా బయటికొస్తే: ఇది వేదిక కాదని ఒక్కసారి చెప్పి, వెంటనే టీ విరామం ఇవ్వండి.

మీకు జవాబు తెలియని ప్రశ్న వస్తే: తెలియదని చెప్పి, ఎవర్ని అడిగి ఎప్పటికి చెబుతారో చెప్పండి. ప్రతినిధి కూడా రేపు మెంబరు దగ్గర చేయాల్సింది అదే. మీరు ఊహించి చెబితే వాళ్లూ ఊహించి చెప్పడం నేర్చుకుంటారు.

టైము చాలకపోతే: మీ ఉపన్యాసం కోయండి, అభ్యాసం కోయొద్దు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు.

ఆన్‌లైన్‌లో పెట్టాలంటే రూల్సు వెతకడం, నోట్సు పాఠం బాగానే నడుస్తాయి, రెండు గంటల చొప్పున విడగొడితే. మీటింగు అభ్యాసం మాత్రం ఎదురెదురుగా కూర్చునే చేయాలి. కాగితం జరిపినప్పటి ఆ నిశ్శబ్దం స్క్రీన్ మీద రాదు.

## 10. తర్వాతి మూడు నెలలు

చివరి రోజు నింపించే అభిప్రాయాల ఫారం వల్ల భోజనం ఎలా ఉందో తెలుస్తుంది, తరగతి పనిచేసిందో లేదో తెలియదు. అది తెలియాలంటే ఈ వరస పాటించండి.

మొదటి వారం: ప్రతి కొత్త ప్రతినిధికీ ఒక పాత ప్రతినిధిని జత చేయండి. మొదటి మీటింగుకి ఇద్దరూ కలిసి వెళ్లాలి, రెండోదానికి పాతవాళ్లు పక్కన కూర్చుని నోట్సు మాత్రమే రాయాలి, మూడోదానికి వెళ్లకూడదు.

నాలుగో వారం: మీ దగ్గరున్న ప్లాను కాపీ చేతిలో పెట్టుకుని ఫోన్ చేయండి. మూడిట్లో ఎన్ని అయ్యాయి? కానిది ఎందుకు కాలేదు? మందలింపులా కాకుండా అడగండి. తరచూ వినిపించే జవాబు "సూపర్‌వైజర్ టైము ఇవ్వట్లేదు" అయితే, అది ప్రతినిధి తప్పు కాదు, యూనియన్ పైస్థాయిలో మాట్లాడాల్సిన విషయం.

ఎనిమిదో వారం: అందర్నీ సగం రోజు మళ్లీ కూర్చోబెట్టండి. కొత్త పాఠం ఏదీ పెట్టొద్దు. ఒక్కొక్కరూ తమ నోట్‌బుక్‌లోంచి పేర్లు చెప్పకుండా ఒక కేసు చదవాలి. మిగతావాళ్లు మొదటి రోజు జాబితా పట్టుకుని చూడాలి: తేదీ ఉందా, గడువు ఉందా, మెంబరు కోరేది ఉందా.

పన్నెండో వారం: ఇవి లెక్కపెట్టండి:

- ఎంతమంది ఇంకా ప్రతినిధులుగా ఉన్నారు
- ఎన్ని కేసులు వాళ్ల స్థాయిలోనే తేలాయి
- ఎన్ని గడువులు దాటాయి
- ఎంతమంది మీటింగులో ఒక్కసారైనా విరామం అడిగారు

మానేసినవాళ్లకి కూడా ఫోన్ చేయండి. వాళ్లే సూటిగా చెబుతారు. ఒకావిడ నాతో అంది, "తరగతి బానే ఉంది సార్, కానీ తిరిగొచ్చాక నేను ప్రతినిధినని మా సెక్షన్లో ఎవరికీ ఎవరూ చెప్పలేదు." ఆ తర్వాతి తరగతి నుంచి, వాళ్లు తిరిగెళ్లే రోజుకే వాళ్ల పేర్లతో నోటీసు ప్రింటు తీయించి, నాలుగు కాపీలు చేతికిచ్చి పంపుతున్నాను.